నల్లరేగడి మీద ఇల్లు పగిలితే పునాదిని బాగుచేసుకోవడం ఎలా

మే నెలలో తేలిగ్గా పడే వంటింటి తలుపును నవంబరులో భుజంతో నెట్టాల్సి వస్తోందా? కిటికీ మూల నుంచి పైకి ఏటవాలుగా పాకిన పగులు ఎండాకాలంలో వేలు పట్టేంత తెరుచుకుని, వానలు పడ్డాక సన్నగీతలా మూసుకుంటోందా? అయితే తప్పు గోడది కాదు, సిమెంటుదీ కాదు. మీ ఇంటి కింద నేల ఏడాదికోసారి ఊపిరి పీల్చి వదులుతోంది.

పర్చూరు వైపు మా నాన్న కట్టించిన ఇంట్లో పడమటి గది గోడకి ఒకే పగులును మూడుసార్లు పూడ్చాం. మూడుసార్లూ ఎండాకాలంలోనే, పగులు బాగా తెరుచుకుని కంటికి కనిపిస్తున్నప్పుడే. వచ్చిన మేస్త్రీ ప్రతిసారీ మాలు కాస్త గట్టిగా కలిపాడు. ప్రతి వానాకాలం నేల ఉబ్బి గోడను పైకి నెట్టేది, పగులు మూసుకోవడానికి అక్కడ చోటు ఉండేది కాదు, దాంతో పక్కన కొత్త పగులు పుట్టేది. నాలుగోసారి మాలు కలపకుండా ఏడాదిపాటు కొలతలు తీశాను. ఆ ఏడాదిలో నేర్చుకున్నదీ, ఆ తర్వాత చేసినదీ, వేరే ఇళ్లలో చేయించినదీ ఇక్కడ రాస్తున్నాను. పునాది ఎంత లోతుకు దించాలన్నది రెండో ప్రశ్న. ఇంటి చుట్టూ తడి ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండేలా చూడటం మొదటి పని. చాలా ఇళ్లకు అదొక్కటే సరిపోతుంది.

ముందు మట్టిని పరీక్షించండి

నల్లరేగడిలో మాంట్‌మోరిలోనైట్ అనే బంకమన్ను ఖనిజం ఉంటుంది. పుస్తకంలో కాగితాల్లా పలచటి పొరలుగా ఉండి, ఆ పొరల మధ్యకు నీటిని లాక్కుంటుంది. నీరు చేరితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. కానీ నల్లగా కనిపించే ప్రతి మట్టీ ఒకేలా ఉబ్బదు. అందుకని ఒక చిన్న పరీక్ష చేయండి. ఇది మట్టి పరీక్షల భారతీయ ప్రమాణం ఐఎస్ 2720, 40వ భాగంలో ఉన్న పద్ధతే, ఇంట్లో చేసుకునే తీరులో చెబుతున్నాను.

పునాది అడుగు ఉన్న లోతు నుంచి, అంటే మూడు నాలుగు అడుగుల కింద నుంచి, గుప్పెడు మట్టి తీయండి. పైమట్టి వద్దు, అందులో పేడ, బూడిద, పాత ఇసుక కలిసి ఉంటాయి. బాగా ఆరబెట్టి, నలగ్గొట్టి, సన్నటి జల్లెడ పట్టండి. ప్రయోగశాలలో అయితే 425 మైక్రాన్ల జల్లెడ వాడి, పొయ్యిలో 105–110 డిగ్రీల దగ్గర ఆరబెడతారు. పది గ్రాముల చొప్పున రెండు భాగాలు తూచండి. గీతలున్న 100 మి.లీ. గాజు గొట్టాలు రెండు తెచ్చి, ఒకదాంట్లో కిరసనాయిలు, రెండోదాంట్లో డిస్టిల్డ్ వాటర్ పోసి, మట్టి వేసి, గాలి బుడగలు పోయేలా పుల్లతో కలిపి 24 గంటలు కదపకుండా ఉంచండి.

కిరసనాయిలులో మట్టి ఉబ్బదు, అది మన కొలబద్ద. మా పెరటి మట్టి కిరసనాయిలులో 11 మి.లీ. గీత దగ్గర కూర్చుంది, నీళ్లలో 21 దాకా పొంగింది. తేడా 10, దాన్ని 11తో భాగించి నూరుతో గుణిస్తే సుమారు 91 శాతం. ఈ అంకె 50 లోపు ఉంటే పగుళ్లకు మరో కారణం వెతకండి. 50 దాటితే ఈ వ్యాసం మీకోసమే. 100 దాటితే ఇంజనీరు లేకుండా పునాది దగ్గర గునపం వేయకండి. దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ సివిల్ విభాగంలో రుసుము తీసుకుని మట్టి పరీక్షలు చేసిపెట్టడం మామూలే. ఆ కాగితం చేతిలో ఉంటే తర్వాత ఎవరితో మాట్లాడినా మాట నిలబడుతుంది.

ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడండి

చాలామందికి ఓపిక చాలనిది ఇక్కడే. ఇల్లు ఇప్పుడే కూలిపోయేలా ఉంటే తప్ప (25 మి.మీ. దాటిన పగులు, గోడ బయటికి ఒరగడం, శ్లాబు ఆనిన చోట గోడ విడిపోవడం) ఏడాది ఆగడమే మంచిది. ఆ మూడింట్లో ఏదైనా కనిపిస్తే మాత్రం ముందు ఆ గదిలోంచి మనుషుల్ని ఖాళీ చేయించండి.

పగులు రెండు కొసల దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ రాయండి. పగులుకు అడ్డంగా, వేలంత వెడల్పున్న పలచటి గాజుముక్కను రెండు చివర్లా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అంటించండి. దానికి ముందు అక్కడ సున్నం, రంగు గీకేసి ఇటుక కనబడనివ్వాలి, లేకపోతే రంగు ఊడుతుంది తప్ప గాజు పగలదు. గాజు సాగదు, కాబట్టి గోడ వెంట్రుకవాసి కదిలినా విరిగిపోతుంది. మా ఇంట్లో మార్చి ఆఖరులో అంటించిన ముక్క ఏప్రిల్ మూడోవారంలో ఒక రాత్రి విరిగింది. పొద్దున చూస్తే రెండు ముక్కల మధ్య గోరు దూరేంత సందు. నాన్న చాలాసేపు దాని ముందు నిలబడి చూశారు. అప్పటిదాకా ఆయన సిమెంటు పట్టలేదనే అనుకుంటున్నారు.

ఏ మూల దిగిందో తెలియాలంటే నీళ్ల మట్టం పట్టండి. మేస్త్రీల దగ్గర ఉండే పారదర్శకమైన ట్యూబు చాలు, కానీ లోపల బుడగ ఉండకూడదు. కట్టినప్పుడు మట్టంగా ఉన్నదేదో ఎంచుకోండి: ప్లింత్ బీము (గోడల కింద గచ్చు మట్టాన వేసే కాంక్రీటు దూలం) పై అంచు, లేదా గచ్చు పైన మొదటి ఇటుక వరస. ఇంటి చుట్టూ ఎనిమిది పది చోట్ల కొలిచి, ప్లాను గీసిన కాగితం మీద మి.మీ.లలో వేసుకోండి. మే నెలాఖరులో ఒకసారి, వానలు పూర్తిగా పట్టాక ఒకసారి. తెలంగాణలో సెప్టెంబరు ఆఖరు, కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానలు కూడా పడాలి కనుక నవంబరు. పాత ఇళ్లలో కట్టినప్పుడే సెంటీమీటరు దాకా తేడా ఉండి ఉంటుంది. అందువల్ల ఒక్కసారి తీసిన కొలత కన్నా రెండు కొలతల మధ్య తేడానే నమ్మండి.

పగులు తీరు కూడా కథ చెబుతుంది. పైన వెడల్పుగా ఉండి కిందికి సన్నబడితే గోడ చివరలు దిగుతున్నాయి: బయటి అంచు మట్టి ఎండిపోయింది, ఇంటి నడిమి మట్టి తడిగానే ఉంది. కింద వెడల్పుగా ఉంటే అంచులు లేస్తున్నాయి లేదా మధ్య కుంగుతోంది: బయట ఎక్కడో మట్టి నీరు తాగుతోంది. గది మధ్యలో టైల్సు పొంగి డొల్లగా మోగుతుంటే ఇంటి కింద ఆవిరికాలేని తడి చేరి నేల లేస్తోంది.

నీటి దారులన్నీ పట్టుకోండి

కొలతల కాగితం చేతిలో పెట్టుకుని ఇంటి చుట్టూ తిరగండి. లేచిన మూల దగ్గర నీరు ఉంటుంది, దిగిన మూల దగ్గర ఎండో చెట్టో ఉంటుంది. మా ఇంట్లో వంటింటి తూము నీళ్లు తూర్పు గోడ పక్కనే అరటిచెట్లకు పోయేవి. ఆ మూల ఏడాదంతా కదల్లేదు. పడమటి మూల, సాయంత్రపు ఎండంతా కాచే చోట, గోడకు ఏడడుగుల దూరంలో వేపచెట్టు. ఆ మూల మే నాటికి 22 మి.మీ. దిగింది. తప్పు అరటిచెట్లదీ కాదు, వేపదీ కాదు. ఒకే ఇంటి కింద ఒక మూల చెరువు, మరో మూల మెట్ట ఉండటమే తప్పు.

సంపు నింపి, మోటారూ కుళాయిలూ కట్టేసి, నీటి అంచు దగ్గర గీత గీసి 24 గంటల తర్వాత చూడండి. గీత కిందికి దిగితే సంపు కారుతోంది. పైన ట్యాంకుకు కూడా రాత్రంతా ఇలాగే చేయండి. బాత్రూము పైపులు గచ్చు కింద విరిగి ఉండటం నల్లరేగడి ఇళ్లలో మామూలే, ఎందుకంటే గోడను పగలగొట్టిన కదలికే పైపునూ పగలగొడుతుంది. కొత్త పైపు గోడ దాటే చోట చుట్టూ అంగుళం సందు వదిలి మెత్తటి సీలెంటుతో నింపండి, సిమెంటుతో బిగించకండి. డాబా మీది వాన గొట్టాలు గోడ మొదట్లో కాకుండా కాలవలోకి పడాలి. ఇంకుడు గుంత మంచిదే కానీ ఈ నేలలో గోడ పక్కన తవ్వితే మీరే ఆ మూలకు నీరు పోస్తున్నట్టు. స్థలంలో ఎంత దూరం వీలైతే అంత దూరంలో, పల్లం వైపు తవ్వండి.

చెట్టు సంగతి జాగ్రత్త. వేప, రావి, నేరేడు, యూకలిప్టస్ లాంటివి ఎంత ఎత్తు పెరుగుతాయో గోడ నుంచి అంత దూరంలో ఉంటే భయం లేదు. దగ్గరున్న పెద్ద చెట్టును కోపంతో ఒక్కరోజులో నరికించకండి. ఏళ్లుగా అది తాగిన నీరు మట్టిలోకి తిరిగి చేరి, దిగిన మూల ఇప్పుడు లేవడం మొదలుపెడుతుంది, కొత్త పగుళ్లు వస్తాయి. కొమ్మలు తగ్గించుకుంటూ రెండు మూడేళ్లలో చిన్నది చేయండి. మా వేపను తీయలేదు, ఏటా కొట్టిస్తున్నాం.

నెర్రెల్లోకి నేరుగా నీళ్లు పోయడం మరో పొరపాటు. ఆ నీరు నెర్రె వెంట సూటిగా పునాది అడుగుకు పోయి అక్కడి మట్టిని బురద చేస్తుంది. అమెరికాలో డాలస్, ప్లేనో, ఫ్రిస్కో వైపు ఉంటున్న మనవాళ్లకు ఇదే తంటా వేరే రూపంలో ఉంటుంది. అక్కడా ఉబ్బే బంకమన్నే, ఇల్లు నేల మీద పరిచిన శ్లాబు మీద కూర్చుంటుంది. వేసవిలో గోడకు అడుగు, అడుగున్నర దూరంలో చెమ్మ ఊరే గొట్టం పరిచి కొద్దికొద్దిగా, కానీ ఆగకుండా తడి అందిస్తారు. అది సరైన పద్ధతి. ఒక్క హెచ్చరిక: ఆ శ్లాబుల్లో చాలావాటిలో బిగించిన ఉక్కు తీగలు ఉంటాయి. ఎక్కడున్నాయో తెలుసుకోకుండా ఎవరినీ డ్రిల్లు వేయనివ్వకండి, తెగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంటి చుట్టూ అంచు గచ్చు

మీ డబ్బులో ఎక్కువ భాగం ఇక్కడ పెట్టండి. పని ఎండాకాలం నడిమధ్యలో వద్దు, నేల పగలబారి ఉంటుంది. బురదలోనూ వద్దు. వానలు వెనకబట్టిన తర్వాత డిసెంబరు, జనవరి బాగుంటాయి.

గోడ నుంచి రెండు మీటర్ల వెడల్పున, అడుగున్నర లోతున నల్లమట్టి తీసి బయటికి పంపండి. మళ్లీ దాన్నే పూడ్చడానికి ఒప్పుకోకండి. ఆ గోతిని గ్రావెల్‌తో (తెలంగాణలో మొరం అంటారు) 15 సెం.మీ. పొరలుగా నింపి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిస కొట్టించాలి, ర్యామర్ యంత్రం దొరికితే ఇంకా మంచిది. ఇసుక మాత్రం వద్దు. ఇసుక ఉబ్బదు నిజమే, కానీ నీటిని ఆపదు. నల్లమట్టి గిన్నెలో ఇసుక పోస్తే వానకాలమంతా అది నీటితొట్టే. ఐఐటీ బొంబాయిలో ఆచార్య ఆర్.కె. కట్టి పరిశోధనలు చెప్పింది కూడా ఇదే: ఉబ్బే నేల మీద పరచాల్సింది అంటుకునే గుణం ఉండి ఉబ్బని మట్టి. మన ఎర్ర గ్రావెల్‌లో ఆ గుణం చాలాచోట్ల ఉంది. తెచ్చిన గ్రావెల్‌కు కూడా కిరసనాయిలు పరీక్ష చేయండి, ఒక రోజు పని.

గ్రావెల్ మీద మందపాటి ప్లాస్టిక్ షీటు అతుకుల దగ్గర అడుగు మేర ఒకదానిపై ఒకటి వచ్చేలా పరిచి, గోడ వైపు కొంచెం పైకి మడవండి. దాని మీద 10 సెం.మీ. కాంక్రీటు. గోడ నుంచి బయటికి రెండు మీటర్లలో 6–7 సెం.మీ. వాలు ఉండాలి. పని అయ్యాక రసమట్టం కాదు, ఒక బిందె నీళ్లు పోసి చూడండి. గచ్చును గోడకు కలిపి పోయకూడదు. మధ్య 20 మి.మీ. థర్మాకోల్ పట్టీ పెట్టి, తర్వాత దాని పైభాగం పీకి తారు లేదా పాలీసల్ఫైడ్ సీలెంటు నింపండి. మీటరున్నరకో చోట గచ్చుకూ అలాంటి సందే వదలండి. బయటి అంచున కాలవ, ఆ కాలవ నీరు వీధి కాలవలోకో పల్లానికో పోవాలి.

ఇది అయ్యాక ఇంకో ఏడాది కొలవండి. మా ఇంట్లో పడమటి మూల కదలిక 22 నుంచి 6 మి.మీ.కి తగ్గింది. పునాదిని ముట్టుకోలేదు.

అయినా తగ్గకపోతే పునాది కిందికి

పైన శ్లాబు మాత్రమే ఉన్న, గోడల మీద నిలబడిన ఒకే అంతస్తు ఇంటికి మాత్రమే ఈ భాగం. పిల్లర్ల ఇల్లు, రెండో అంతస్తు ఉంటే నిర్మాణ ఇంజనీరు గీసిన డ్రాయింగు లేకుండా పని మొదలుపెట్టకండి.

ముందు గోడకు బయట ఒక గుంత తవ్వి పునాది ఎంత లోతుందో, కింద ఏముందో చూడండి. నల్లమట్టి ఎక్కడ ఆగి సుద్ద, గ్రావెల్ మొదలవుతాయో అదే ముఖ్యమైన కొలత. అది రెండు మీటర్లలోపు దొరికితే పునాదిని అక్కడిదాకా దించవచ్చు. నాలుగైదు మీటర్లు నల్లమట్టే ఉంటే గుంతల పద్ధతి వదిలేయండి, పైల్స్ (నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు) సంగతి ఇంజనీరుతో మాట్లాడండి.

గోడను మీటరు చొప్పున ముక్కలుగా గీసి అంకెలు వేయండి. ఆరు మీటర్ల గోడ అయితే మొదట 2, 5, తర్వాత 1, 4, ఆఖరున 3, 6. పక్కపక్క ముక్కలు ఒకేసారి ఎప్పుడూ తెరవకూడదు. ప్రతి గుంతలో గట్టి నేల దాకా తవ్వి, పాత పునాది అడుగును వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, ఎం20 రకం కాంక్రీటును పాత అడుగు కింద 75 మి.మీ. సందు మిగిలేలా పోయండి. మూడు రోజుల తర్వాత ఆ సందులోకి ఒకటికి మూడు సిమెంటు ఇసుక పొడిపొడిగా కలిపి కూరాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేళ్ల మధ్య నీరు రాకూడదు. దుంగ చివరతో సుత్తి దెబ్బలు వేసి లోపలి అంచుదాకా బిగించండి. పాత ఇల్లు కొత్త కాంక్రీటు మీద కూర్చునేది ఈ సందు దగ్గరే, కాబట్టి దగ్గరుండి చూసుకోండి. అది గట్టిపడటానికి మరో రెండు మూడు రోజులు ఇచ్చాకే తర్వాతి ముక్కలు తెరవండి. గుంతలు గ్రావెల్‌తోనే పూడ్చాలి.

ఎండిన నల్లమట్టి గోడలు గోతిలో నిటారుగా, రాయిలా నిలబడి నమ్మిస్తాయి. ఒక్క వాన చాలు, నెర్రె వెంట పలకలా జారి పడతాయి. మీటరున్నర లోతు దాటితే పలకలు, దుంగలతో ఆపు కట్టనిదే మనిషిని దించకండి. తవ్విన మట్టి గోతి అంచున పోయకండి. మబ్బు పడితే పని ఆపి గుంత కప్పండి.

ఒక్క మూలనే లోతుకు దించి మిగతా ఇంటిని వదిలేస్తే ఆ మూల కదలదు, మిగతాది కదులుతూనే ఉంటుంది. పగులు అక్కడి నుంచి లేచి ఆరడుగులు పక్కన పుడుతుంది. ఇలా చేయించిన ఇళ్లు రెండు చూశాను. దించితే ఆ వైపు గోడ మొత్తం దించండి, అది కూడా నీటి పని పూర్తయ్యాకే.

పాత ఇంటికి కొత్త గది కలుపుతుంటే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన అండర్‌రీమ్డ్ పైల్స్ వేయించండి. సాధారణంగా మూడున్నర మీటర్ల లోతుకు పోతాయి, కింద బల్బులాంటి ఉబ్బు కాండానికి రెండున్నర రెట్లు వెడల్పుతో నేలను పట్టుకుంటుంది. పైన బీము మట్టిని తాకకుండా కింద 75–80 మి.మీ. ఖాళీ ఉండాలి. కొత్త గోడను పాతదానికి కడ్డీలతో కట్టకండి, 25 మి.మీ. సందు వదలండి.

గచ్చు, చివరికి గోడ

పొంగిన గచ్చును టైల్సు మార్చి సరిపెట్టలేం. గది నేల తవ్వి, రెండడుగుల నల్లమట్టి తీసి, గ్రావెల్ పొరలు కొట్టి, కాంక్రీటు వేసి, చుట్టూ గోడ దగ్గర 10 మి.మీ. సందు ఉంచండి. స్కర్టింగు ఆ సందును కప్పుతుంది.

గోడ పగులును కదలిక తగ్గిందని కొలతలు చెప్పాకే పూడ్చండి, అదీ తడి ఒక మోస్తరుగా ఉండే డిసెంబరు, జనవరిలో. 5 మి.మీ. లోపు పగులైతే ఆంగ్ల వీ అక్షరంలా చెక్కి, దుమ్ము ఊది, తడిపి, పాలిమర్ కలిపిన మాలు నింపి, మీద అడుగు వెడల్పున చికెన్ మెష్ (సన్నటి ఇనుప తీగల వల) కొట్టి పూత వేయండి. అంతకు మించితే ఇటుక వరసల మధ్య సున్నపు గీతను నాలుగైదు వరసలకొకటి చొప్పున 4 సెం.మీ. లోతుకు కోసి, పగులుకు ఇటూ అటూ రెండేసి అడుగులు వచ్చేలా 6 మి.మీ. కడ్డీ పెట్టి, మాలుతో మూసేయండి. తుప్పు పట్టని కడ్డీ దొరికితే ఇంకా మంచిది. బీము, పిల్లరు పగిలితే ఈ పద్ధతి పనికిరాదు, అది పగులులోకి ఎపాక్సీ అనే గట్టి జిగురు ఎక్కించే పని, అందులో చెయ్యి తిరిగినవాళ్లే చేయాలి.

పూత మీద వెంటనే ఖరీదైన రంగు వేయకండి. ఒక కోటు తెల్లసున్నం కొట్టి వదిలేయండి. పాత పగులు చోట ఒకటి, దానికి ఆరడుగుల అవతల ఒకటి గాజుముక్క అంటించి తేదీ రాయండి. వచ్చే మే ఆఖరుకి రెండూ విరగకుండా ఉంటే పెయింటరును పిలవండి.